తానులో ముక్క: ఇస్సే మియాకే బట్టల వెనుక లెక్క

బల్ల మీద ఒక చొక్కా పరిచి ఉంది. చొక్కా అనడానికే నోరు రావడం లేదు, ఏ రాక్షసుడికో కుట్టించినట్టుంది. మనిషికి కావలసిన దానికి రెండున్నర, మూడు రెట్ల సైజు. మెడ, చేతులు, అంచులు, కుట్లు అన్నీ అయిపోయాయి. దాని కిందొక కాగితం, పైనొక కాగితం వేసి, ఎక్కడా వంకర పోకుండా చేత్తో సర్ది, మడతలు పెట్టే యంత్రంలోకి కొద్దికొద్దిగా పంపిస్తారు. లోపల అది సన్నసన్నటి మడతలుగా ముడుచుకుంటూ, వేడికి నొక్కుకుంటూ వెళ్తుంది. అవతల నుంచి బయటికి వచ్చేది చూడ్డానికి కాగితపు పట్టీ. ఆ కాగితం ఒలిస్తే లోపల మామూలు మనిషికి సరిపోయే చొక్కా ఉంటుంది. వేసుకుంటే ఒంటితో పాటు సాగుతుంది, విప్పేస్తే మళ్ళీ ముడుచుకుంటుంది.

'ప్లీట్స్ ప్లీజ్' అనే పేరుతో అమ్మే బట్టలు తయారయ్యే తీరు ఇది. మన దర్జీ ఎవరైనా పక్కన నిలబడి చూస్తే ముందుగా అడిగే మాట ఒకటే: "కుట్టేశాక మడతలు పెట్టడమేంటండీ?" నిజమే కదా. స్కూలు యూనిఫాం స్కర్టు తీసుకోండి. ముందు గుడ్డకు మడతలు పెడతారు, ఇస్త్రీపెట్టెతో నొక్కుతారు, ఆ తర్వాతే నడుం పట్టీకి కుడతారు. ఎక్కడ చూసినా ఇదే వరస. జపాన్ డిజైనర్ ఇస్సే మియాకే ఆ వరసను తిరగేశారు.

మియాకే పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఆపిల్ అధినేత స్టీవ్ జాబ్స్ వేసుకున్న నల్లటి టర్టిల్‌నెక్, అంటే మెడంతా కప్పే చొక్కా. ఇంకొందరికి ఎయిర్‌పోర్ట్ దుకాణాల్లో కనిపించే సెంటు సీసా. ఈ రెండూ పట్టుకుంటే ఆయన అర్థం కారు. పోనీ 'జపాన్ సంప్రదాయాన్ని ఆధునిక టెక్నాలజీతో కలిపిన వ్యక్తి' అందామంటే, అది ఏ జపాన్ మనిషికైనా అతికించగల బోర్డు. నాకు అర్థమైనంతలో ఆయన 50 ఏళ్ళూ ఒకే ప్రశ్న పట్టుకుని తిరిగారు. దారం, గుడ్డ, కత్తెర, సూది, మనిషి. ఏది ముందు, ఏది వెనుక?

ఈ ప్రశ్న ఎందుకంత ముఖ్యమైనదో తెలియాలంటే ముందు జపాన్ సంప్రదాయ దుస్తులైన కిమోనో సంగతి చూడాలి.

యూరప్ కుట్టుపని మొదలయ్యేది మనిషి ఒంటితో. ఛాతీ ఇంత, నడుం ఇంత, భుజం ఇంత అని కొలిచి, ఆ వంపుల ప్రకారం గుడ్డను వంపులుగా కత్తిరించి, డాట్లు వేసి, ఒంటికి తొడుగులా కుడతారు. మన జాకెట్టు కూడా ఈ పద్ధతిదే. అందుకే దర్జీకి ఆది జాకెట్టు ఇవ్వకపోతే పని జరగదు, నాలుగు కిలోలు పెరిగితే కుట్లు విప్పించక తప్పదు. కత్తిరించగా మిగిలిన వంకర ముక్కలు దిండుల్లోకో చెత్తలోకో పోతాయి.

కిమోనోకి ఒంటి వంపులతో పనిలేదు. అది మొదలయ్యేది గుడ్డతో. సుమారు 36 నుంచి 38 సెంటీమీటర్ల వెడల్పు, 12 మీటర్ల పొడవు ఉండే సన్నటి తాను ఒకటి. దాన్ని నిలువుగా, అడ్డంగా, తిన్నగా మాత్రమే కోస్తారు. వంపు కోతలుండవు కాబట్టి ఇంచుమించు ఏదీ వృథా కాదు. కుట్లన్నీ విప్పి ముక్కలను మళ్ళీ పక్కపక్కన పెడితే తాను మళ్ళీ తానే అవుతుంది. పాత రోజుల్లో కిమోనోను అలా విప్పి, ఉతికి, ఆరబెట్టి, తిరిగి కుట్టుకునేవారు. ఇక మన చీరకైతే ఆ తిన్నని కోత కూడా లేదు. మగ్గం మీద నుంచి దిగిన గుడ్డే బట్ట. ఒకే చీర తల్లీ కడుతుంది, కూతురూ కడుతుంది, కొలత ఎవరూ అడగరు.

ఒంటికి, బట్టకు మధ్య మిగిలే ఆ ఖాళీయే మియాకే పనికి పునాది. కానీ కిమోనోలు కుట్టి పారిస్‌లో అమ్ముకోవాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. అసలు ఆయన బట్టల దారిలోకి వచ్చిన తీరే వేరు.

1938 ఏప్రిల్ 22న హిరోషిమాలో పుట్టారు. అసలు పేరు మియాకే కజునారు. పేరు రాసే రెండు అక్షరాలను ఇంకో రకంగా చదివితే 'ఇస్సే' అవుతుంది. ఆ అక్షరాలకు అర్థం 'ఒక జీవితం'. అక్క చదివే ఫ్యాషన్ పత్రికలు తిరగేసే అలవాటు చిన్నప్పటి నుంచే ఉంది. అయితే టోక్యోలోని తమా ఆర్ట్ యూనివర్సిటీలో చదివింది మాత్రం గ్రాఫిక్ డిజైన్. 1960లో టోక్యోలో ప్రపంచ డిజైన్ సదస్సు జరిగింది. భవనాలు, వస్తువులు, పోస్టర్లు అన్నీ చర్చకు వచ్చాయి గానీ బట్టల ఊసే లేదు. బట్టలు డిజైన్ కిందికి రావా అని ఆ విద్యార్థి నిర్వాహకులకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరంలోని కుర్రాడు చివరి వరకూ ఆయనలో ఉన్నాడు. తనను ఫ్యాషన్ డిజైనర్ అంటే ఇబ్బంది పడేవారు. ఫ్యాషన్ అంటే ఆరు నెలలకోసారి మారిపోయేది. ఆయనకు కావలసింది కుర్చీలా, దీపంలా ఏళ్ళ తరబడి పనికొచ్చే వస్తువు.

1965లో పారిస్ వెళ్ళి అక్కడి ఖరీదైన కుట్టుపని నేర్పే స్కూల్లో చేరారు. తర్వాత గీ లరోష్ అనే ఫ్యాషన్ డిజైనర్ దగ్గర, ఆ తర్వాత జివాన్షీ అనే ఇంకో డిజైనర్ దగ్గర సహాయకుడు. పెద్దింటి ఆడవాళ్ళకు ఒక్కొక్కరికీ ఒక్కొక్క గౌను, దానికి లెక్కలేనన్ని సార్లు ట్రయల్. ఆయన చేసే పని బొమ్మలు గీయడం. ఇంతలో 1968 మే వచ్చింది. విద్యార్థులు వీధుల్లో రాళ్ళు పేర్చారు, కార్మికులు సమ్మెకు దిగారు, పారిస్ స్తంభించింది. కొద్దిమంది కోసం కుట్టే పని తనది కాదని అప్పుడే తేలిపోయిందని ఆయన తర్వాత చెప్పుకున్నారు. జీన్స్, టీషర్టు లాగా అందరూ వేసుకునేది తయారు చేయాలనుకున్నారు. మరుసటి ఏడాది న్యూయార్క్‌లో డిజైనర్ జెఫ్రీ బీన్ దగ్గర కొంతకాలం పనిచేసి, 1970లో టోక్యోకి తిరిగొచ్చి మియాకే డిజైన్ స్టూడియో పెట్టారు.

ఇక్కడ మకికో మినగావా గురించి చెప్పకుండా ముందుకెళ్తే అన్యాయం. మియాకే బట్టలు అని మనం అనేవాటిలో గుడ్డ ఆవిడది. స్టూడియో తొలి రోజుల నుంచీ నేత, అద్దకం, దారం చూసుకున్నది ఆవిడే. రైతులు చలికి తట్టుకోవడానికి పొరల మీద పొరలు వేసి దగ్గరగా కుట్లు వేసే సషికో గుడ్డ ఉంటుంది. పనిపాటల వాళ్ళ గుడ్డ అని ఎవరూ పట్టించుకోని ఆ సషికోను కోట్లుగా మార్చి 1970ల్లో పారిస్ వేదిక మీదికి తెచ్చింది ఈ స్టూడియో. ఇంకోవైపు అప్పుడే చనిపోయిన అమెరికా రాక్ గాయకులు జిమీ హెండ్రిక్స్, జానిస్ జాప్లిన్ ముఖాలను జపాన్ పచ్చబొట్ల శైలిలో ఒంటికి అతుక్కుపోయే గుడ్డ మీద అద్దారు. జపాన్‌లో పచ్చబొట్టు అంటే రౌడీల గుర్తు. కిమోనో పట్టును వదిలేసి రైతు గుడ్డ, పచ్చబొట్టు ఎంచుకోవడంలోనే ఆయన ఎటువైపు ఉన్నారో తెలుస్తుంది.

'ఒక గుడ్డ ముక్క' అనే మాట ఆయన నోట 1970ల మధ్య నుంచి వినబడుతుంది. ఒకే గుడ్డ, వీలైనంత తక్కువ కోత, వీలైనంత తక్కువ కుట్టు, మిగతాది వేసుకున్న మనిషి నడకకు వదిలేయడం. తెలుగులో మనం ఒకే రకం మనుషుల్ని 'తానులో ముక్కలే' అంటాం కొంచెం వెక్కిరింతగా. మియాకేకి ఆ మాట చెప్పి ఉంటే పొగడ్తగా తీసుకునేవారేమో.

మరి 1980లో ప్లాస్టిక్ జాకెట్టు ఎందుకు చేసినట్టు? ఇది చాలామందిని తికమక పెడుతుంది. ఆడమనిషి మొండేన్ని అచ్చు తీసి, ఫైబర్‌గ్లాస్ ప్లాస్టిక్‌తో పోత పోసినట్టు ఉంటుందది. గుడ్డ లేదు, మడత లేదు, ఖాళీ అసలే లేదు. తర్వాత వెదురు, పేము అల్లిక తెలిసిన ఒక హస్తకళాకారుడితో కలిసి కవచం లాంటిది చేశారు. అది 1982 ఫిబ్రవరిలో 'ఆర్ట్‌ఫోరమ్' అనే అమెరికా కళల పత్రిక ముఖచిత్రమైంది. కళల పత్రిక అట్ట మీదికి బట్ట ఎక్కడం అప్పట్లో వింత. ఒంటికి దూరంగా ఉండే బట్ట కావాలన్న మనిషి ఒంటికి అచ్చుపోశాడేమిటని అడిగితే, నాకు తోచిన జవాబు ఇది: ఒంటిని పట్టుకుని కూర్చునే పద్ధతిని చివరి దాకా తీసుకెళ్తే ఎక్కడికి చేరుతుందో చూసుకున్నారు. చేరింది ప్లాస్టిక్ దగ్గరికి. అంత అందమైనది తొడుక్కుని ఎవరూ అన్నం తినడానికి వంగలేరు.

ఇప్పటిదాకా హిరోషిమాను పేరు చెప్పి దాటేశాను. కావాలనే.

1945 ఆగస్టు 6 ఉదయం బాంబు పడినప్పుడు ఆయన ఏడేళ్ళ పిల్లాడు. తల్లి మూడేళ్ళలోపే రేడియేషన్ వల్ల చనిపోయింది. పదేళ్ళ వయసులో ఆయనకు ఎముక మూలుగ జబ్బు వచ్చింది, నడకలో కుంటు జీవితాంతం మిగిలింది. ఈ విషయాలు దగ్గరివాళ్ళకు తెలుసు, బయట ఆయన మాట్లాడేవారు కాదు. 'అణుబాంబు తప్పించుకున్న డిజైనర్' అనే ముద్ర పడకూడదన్నది ఆయన పట్టుదల. 2009లో ఒబామా ప్రాగ్‌లో అణ్వాయుధాలు లేని ప్రపంచం గురించి ప్రసంగించాక, ఆ జులైలో న్యూయార్క్ టైమ్స్‌లో మియాకే ఒక చిన్న వ్యాసం రాసి ఒబామాను హిరోషిమాకు రమ్మని కోరారు. ఎర్రటి వెలుగు, వెనకే నల్లటి మబ్బు, నలువైపులా పరుగెత్తే మనుషులు కళ్ళు మూసుకుంటే ఇప్పటికీ కనిపిస్తాయని అందులోనే రాశారు. అప్పటికి ఆయనకు 71 ఏళ్ళు. ఒబామా 2016 మేలో హిరోషిమా వెళ్ళారు.

ఇందులో చేదు హాస్యం ఒకటుంది. 1981లో రేయ్ కవకుబో, యోజి యమమోతో అనే ఇద్దరు జపాన్ డిజైనర్లు పారిస్‌లో అడుగుపెట్టారు. నల్లటి బట్టలు, చిల్లులు, చిరుగు అంచులు. పాశ్చాత్య పత్రికల్లో కొందరు వాటికి 'హిరోషిమా షిక్' అని పేరు పెట్టారు. అంటే బాంబు పడ్డ ఫ్యాషన్ అన్నమాట. వాళ్ళిద్దరూ యుద్ధకాలంలో టోక్యోలో పుట్టినవాళ్ళు. నిజంగా హిరోషిమాలో ఉన్నవాడు ఆ పక్కనే రంగురంగుల బట్టలు చేసుకుంటూ, నోరు విప్పకుండా ఉన్నాడు. ఒక దేశపు డిజైనర్లందర్నీ ఒకే గాటన కట్టేస్తే ఇలాంటి పొరపాట్లే జరుగుతాయి.

అయితే హిరోషిమా ఆయనకు ఇచ్చింది బాంబు జ్ఞాపకం ఒక్కటే కాదు. శిల్పి ఇసాము నొగుచి 1952లో అక్కడి శాంతి పార్కు పక్కన రెండు వంతెనలకు పిట్టగోడలు రూపొందించారు. తొలుత పెట్టిన పేర్లు 'బతకడం', 'చావడం'. తర్వాత వాటిని 'కట్టడం', 'వెళ్ళడం' అని మార్చారు. బడికి వెళ్ళే వయసులో ఆ వంతెనల్ని చూస్తూ నడిచిన మియాకే, డిజైన్ అనేది మనిషిని నిలబెట్టగలదని మొదటిసారి అనిపించింది అక్కడేనని చెప్పేవారు. ఇంకో దృశ్యం నన్ను వదలదు. 1998లో పారిస్‌లోని కార్టియే ఫౌండేషన్‌లో జరిగిన ప్రదర్శన కోసం చైనా కళాకారుడు త్సాయ్ గువో-చియాంగ్ ప్లీట్స్ ప్లీజ్ బట్టల్ని డ్రాగన్ ఆకారంలో నేల మీద పేర్చి, మందుగుండు చల్లి అంటించాడు. ఆ కాలిన మచ్చల్నే తర్వాత గుడ్డ మీద అచ్చువేసి బట్టలుగా అమ్మారు. దాని మీద మియాకే పెద్ద వ్యాఖ్యానమేమీ చేయలేదు. నేనూ చేయను.

మళ్ళీ మడతల దగ్గరికొద్దాం. అసలు చిక్కుముడి ఇక్కడే ఉంది.

గంజి పెట్టిన కాటన్ చీర సంగతి అందరికీ తెలిసిందే. పొద్దున్న కుచ్చిళ్ళు కత్తిలా నిలబడతాయి. బస్సులో గంట కూర్చుని దిగేసరికి సగం పోతాయి. సాయంత్రానికి ఆ చీర మీద ఎవరూ జాలి పడరు. దీనికి కారణం నూలు స్వభావం. నూలు పోగులోని అణువుల మధ్య పట్టు చాలా సున్నితమైనది, తడి తగిలితే వదిలేస్తుంది. ఇస్త్రీ వేడి, ఆవిరి ఆ పట్టును వదిలించి కొత్త ఆకారంలో కట్టేస్తాయి. చెమటో వానో మళ్ళీ దాన్ని విప్పేస్తుంది. పట్టు గుడ్డదీ దాదాపు ఇదే కథ. వెనిస్‌లో ఉండే డిజైనర్ మరియానో ఫోర్చునీ 1909లో పేటెంట్ తీసుకున్న మడతల పట్టు గౌను ఎంత పేరు పొందినా, ఒకసారి తడిస్తే మడతల కోసం తిరిగి ఆయన దగ్గరికే పంపాల్సి వచ్చేది. దాచుకోవడానికి కూడా మెలిపెట్టి చుట్ట చుట్టి పెట్టెలో పెట్టేవారు.

పాలిస్టర్ అలా కాదు. అది ప్లాస్టిక్‌కు చుట్టం. సుమారు 70, 80 డిగ్రీల దగ్గర దాని అణువులు బిగువు వదులుతాయి, 260 డిగ్రీల చుట్టుపక్కల కరుగుతుంది. ఈ రెంటికీ మధ్య వేడి చేసి, మడిచి, చల్లార్చితే ఆ మడత గుర్తుండిపోతుంది. మామూలు నీళ్ళలో ఎన్నిసార్లు ఉతికినా అంత వేడి తగలదు కాబట్టి మడత ఎక్కడికీ పోదు. మనం చవక గుడ్డ అని పక్కన పెట్టే పాలిస్టర్‌ని ఆయన ఏరికోరి తీసుకుంది ఈ గుణం కోసమే.

సరే, గుడ్డకు ముందే మడతలు పెట్టించి తర్వాత కుట్టొచ్చు కదా? కుట్టొచ్చు. కానీ మడతలున్న గుడ్డను కత్తిరించడం, కుట్టడం నరకం. కత్తెర కింద జారుతుంది, సాగుతుంది. కుట్టు పడిన చోట మడతలు చితికిపోయి ఆ భాగం బిర్రుగా తయారవుతుంది. మొత్తం కుట్టేశాక మడిస్తే కుట్టు కూడా గుడ్డతో పాటే మడత పడుతుంది. అప్పుడు బట్ట అంతా ఒకే తీరుగా సాగుతుంది. చంక, మెడ, అంచు అన్నీ ఒకే గుడ్డ అయిపోతాయి. లెక్క తప్పకూడదంతే. ముడుచుకున్నాక సరైన సైజు రావాలంటే ముందు ఎంత పెద్దగా కత్తిరించాలి, చేతులు ఏ కోణంలో కుట్టాలి అన్నది ప్రతి డిజైన్‌కూ వేరుగా తేల్చుకోవాలి. ఆ రాక్షసుడి చొక్కా పుట్టింది ఈ లెక్క నుంచే.

1980ల చివర్లో ఈ ప్రయోగాలు మొదలయ్యాయి. 1991లో విలియం ఫోర్సైత్ నడిపే ఫ్రాంక్‌ఫర్ట్ బ్యాలే బృందానికి దుస్తులు చేసి ఇచ్చాక అసలు పరీక్ష జరిగింది. నాట్యకారులు దూకారు, దొర్లారు, మెలికలు తిరిగారు. బట్ట చిరగలేదు, అడ్డం రాలేదు. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌కు, అప్పుడే సోవియట్ యూనియన్ నుంచి విడిపోయి సొంత జెండాతో వచ్చిన లిథువేనియా జట్టు కూడా మియాకే మడతల దుస్తులే వేసుకుంది. 1993లో ప్లీట్స్ ప్లీజ్ సొంత బ్రాండుగా దుకాణాల్లోకి వచ్చింది.

వాషింగ్ మెషీన్‌లో వేయొచ్చు. ఇస్త్రీ అక్కర్లేదు. చుట్ట చుట్టి బ్యాగులో కుక్కి, విమానం దిగి దులిపి వేసుకోవచ్చు. బరువు పెరిగినా తగ్గినా అదే బట్ట. డాట్లు, హుక్కులు, ఊపిరి బిగబట్టడాలు లేవు. నడివయసు దాటినవాళ్ళు, ప్రయాణాలు ఎక్కువ చేసేవాళ్ళు దీన్ని వదల్లేకపోవడంలో వింతేమీ లేదు. ఒక్కటే తేడా. జీన్స్, టీషర్టు లాగా అందరికీ అన్న 1968 నాటి మాట ధర దగ్గర నిలబడలేదు. ఇది మధ్యతరగతి జేబుకు అందే బట్ట కాదు. పైగా పాలిస్టర్ మట్టిలో కలవదు. ఏళ్ళ తరబడి వేసుకుంటారు కాబట్టి పర్వాలేదన్న వాదన ఉంది, అందులో కొంత నిజమూ ఉంది. కానీ ఆ మడతలకు పుట్టిన చవక నకళ్ళు ఒక సీజన్‌కే చెత్తబుట్టలోకి పోతున్నాయి. దానికి మియాకేని తప్పుపట్టడం భావ్యం కాదనుకోండి.

మడతల పని అంత పేరు తెచ్చినా, నాకు ఆయన పనుల్లో అన్నిటికంటే సాహసం అనిపించేది ఇంకొకటి. అది అంతగా అమ్ముడుపోలేదు.

'ఎ పీస్ ఆఫ్ క్లాత్' అనే మాటల మొదటి అక్షరాలు కలిపి దానికి 'ఎపాక్' అని పేరు పెట్టారు. పలికితే ఇంగ్లిష్‌లో యుగం అనే మాటలా వినిపిస్తుంది. దై ఫుజివారా అనే యువ ఇంజినీరు లాంటి డిజైనర్‌తో కలిసి 1997, 98 ప్రాంతంలో తయారు చేశారు. కంప్యూటర్ నడిపే అల్లిక యంత్రంలోకి ఒకవైపు దారం వెళ్తుంది. ఇంకోవైపు నుంచి గొట్టంలా, రెండు పొరల గుడ్డ తాను తానుగా వస్తూనే ఉంటుంది. ఆ గుడ్డలోనే గౌను, టోపీ, మేజోళ్ళు, సంచి అంచులు గీతల్లా అల్లి ఉంటాయి. గీతల దగ్గర రెండు పొరలూ ముందే కలిసి ఉంటాయి కాబట్టి కుట్టాల్సిన పనే లేదు. కొన్నవాళ్ళు ఇంటికి తెచ్చుకుని కత్తెరతో గీత వెంబడి కోసుకుంటారు. పొడుగు చేతులు కావాలా, పొట్టివి కావాలా, మెడ ఎంత లోతు ఉండాలి అన్నది కోసేవాళ్ళ ఇష్టం. మామూలు అల్లిక గుడ్డను కోస్తే స్వెట్టర్ దారం లాగినట్టు ఊడిపోతుంది. దీని అల్లిక వేరు, కోసిన అంచు ఊడిరాదు.

ఇప్పుడు వరస చూడండి. నేత, కోత, కుట్టు, తొడగడం అనేది లోకం వరస. ప్లీట్స్ ప్లీజ్‌లో మడత చివరికి వెళ్ళింది. ఎపాక్‌లో నేత, కుట్టు ఒకేసారి యంత్రంలో అయిపోయాయి. కోత దర్జీ చేతి నుంచి వేసుకునే మనిషి చేతికి వచ్చి అన్నిటికంటే చివర నిలబడింది. 1999 వసంతకాలపు బట్టల షోలో మోడళ్ళు వరసగా ఒకే పొడవాటి ఎర్ర గుడ్డలో, ఒకరికొకరు అంటుకుని నడిచారు. అందరూ అక్షరాలా ఒకే తానులో ముక్కలు. న్యూయార్క్ మోడర్న్ ఆర్ట్ మ్యూజియం ఎపాక్ గుడ్డను తన సేకరణలో పెట్టుకుంది.

మరి ఎందుకు అమ్ముడుపోలేదు? డబ్బు పోసి కొన్న గుడ్డ మీద కత్తెర పెట్టాలంటే ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. ఫాల్ కుట్టించడానికే దర్జీని వెతికే మనం దీన్ని ఇంకా బాగా అర్థం చేసుకోగలం. స్వేచ్ఛ ఇస్తే తీసుకోవడానికి కూడా టెన్షనే.

అప్పటికే ఆయన పగ్గాలు వదిలేయడం మొదలుపెట్టారు. 1990ల్లోనే మగవాళ్ళ బట్టలు, 1999లో ఆడవాళ్ళ బట్టలు శిష్యుడు నవోకి తకిజావాకు అప్పగించి తాను ప్రయోగాల మీద కూర్చున్నారు. 2007లో టోక్యోలో వాస్తుశిల్పి తదావో అందో కట్టిన డిజైన్ మ్యూజియం '21_21 డిజైన్ సైట్' వెనుక ఉన్నదీ ఆయనే. దాని కప్పు మడిచిన ఉక్కు రేకు, అందోకు ఆ ఆలోచన దొరికింది మియాకే 'ఒక గుడ్డ ముక్క' నుంచే. 2010లో '132 5.' అనే వరస బట్టలు వచ్చాయి. కాగితం మడతల లెక్కలు చేసే జున్ మితాని సాఫ్ట్‌వేర్ సాయంతో, రీసైకిల్ చేసిన పాలిస్టర్‌తో, బల్ల మీద పెడితే నక్షత్రంలా పలకగా ఉండి, మధ్యలో పట్టి లేపితే గౌనుగా లేచే బట్టలు అవి. ఇక్కడ మడత మొదటికి వచ్చి కూర్చుంది.

మన దేశంతో ఆయన స్టూడియోకు నిజమైన సంబంధం ఉంది. 1980ల్లోనే అహ్మదాబాద్‌కు చెందిన ఆశా సారాభాయ్ వర్క్‌షాప్‌తో కలిసి చేతినేత, చేతికుట్టు బట్టలు చేయించారు. 2000లో మకికో మినగావా ఆధ్వర్యంలో మొదలైన బ్రాండు పేరు 'హాట్'. మన ఊరి సంత అనే అర్థమున్న ఉత్తరాది మాట అది. జపాన్ వాళ్ళ నోట అది ఇంగ్లిష్ 'హార్ట్' లాగానూ పలుకుతుందట. పోచంపల్లిలో దారానికి ముడులేసి రంగు అద్ది తర్వాత నేసే పద్ధతి జపాన్‌లో కసురి పేరుతో ఉంది. రెండు చోట్లా నేతకు ముందే బొమ్మ దారంలో ఉంటుంది. వరస మార్చడం అనేది మియాకే కనిపెట్టిన విద్య కాదన్నమాట, మన మగ్గాలకు ఎప్పటి నుంచో తెలుసు.

ఇక ఆ నల్ల టర్టిల్‌నెక్. స్టీవ్ జాబ్స్ 1980ల్లో సోనీ ఫ్యాక్టరీ చూడటానికి వెళ్ళి అక్కడందరూ యూనిఫాంలో ఉండటం చూసి కారణం అడిగారు. యుద్ధం తర్వాత ఎవరికీ వేసుకోవడానికి సరైన బట్టలు లేక కంపెనీలే ఇచ్చేవని సోనీ అధినేత అకియో మోరితా చెప్పారు. అలాంటి యూనిఫాంగా సోనీకి మియాకే చేసిచ్చింది జిప్పు లాగితే చేతులు ఊడిపోయి చేతుల్లేని కోటయ్యే నైలాన్ జాకెట్. అలాంటిదే ఆపిల్‌కీ కావాలని జాబ్స్ అడిగి, ఉద్యోగులకు చూపిస్తే వాళ్ళు గోల చేసి తిప్పికొట్టారు. యూనిఫాం ఆలోచన పోయింది, మియాకేతో స్నేహం మిగిలింది. ఆయన చేసిన నల్ల టర్టిల్‌నెక్ నచ్చిందంటే ఓ వంద పంపారు. యుద్ధంలో బట్టల కరువు నుంచి మొదలైన మాట చివరికి ప్రపంచంలో అందరికీ గుర్తుండే ఒకే ఒక్క డిజైనర్ చొక్కాగా తేలింది. అందులో మడతలూ లేవు, లెక్కలూ లేవు.

మియాకే 2022 ఆగస్టు 5న టోక్యోలో కాలేయ క్యాన్సర్‌తో చనిపోయారు, 84 ఏళ్ళు. హిరోషిమా దినానికి సరిగ్గా ముందు రోజు. వార్త బయటికి వచ్చింది 9న, అది నాగసాకి దినం. మరో రెండు రోజులకు జపాన్ ఫ్యాషన్‌లో ఆయన కంటే ముందుతరం మనిషి హనాయే మోరి కూడా కన్నుమూశారు. ఆ వారం వచ్చిన సంతాప వార్తలు చాలావరకు ఆయన జీవితమంతా తప్పించుకున్న ఆ ఎర్రటి వెలుగుతోనో, లేకపోతే జాబ్స్ చొక్కాతోనో మొదలయ్యాయి. ఆ రెండింటినీ ఇక్కడ వెనక్కి జరిపి, బల్ల మీది చొక్కాతో మొదలుపెట్టాను.